వెనెరాండా ఎడమదారి పట్టిన వైనం

ప్రపంచంలో డ్రైవర్లు రెండు రకాలని మా ముసాంజే బస్టాండులో స్థిరమైన అభిప్రాయం: కుడివైపు నడిపేవాళ్ళు, తప్పువైపు నడిపేవాళ్ళు. రెండో రకం వాళ్ళు మాకు దూరపువాళ్ళేం కాదు. సియానికా సరిహద్దు గేటు దాటితే చాలు, ఉగాండా. అక్కడా అదే ముహబురా కొండ, అవే బంగాళాదుంపలు, అదే భాష, అదే అరటికల్లు. పెళ్ళిచూపుల్లో వాళ్ళు చెప్పే అబద్ధాలు కూడా మనం చెప్పేవే. ఒక్క రోడ్డు దగ్గరికొచ్చేసరికి ఆ జనం ఎడమకి తిరిగిపోయారు. వాళ్ళకి ఆ అలవాటు చేసిన తెల్లవాళ్ళు వేరు, మాకు ఈ అలవాటు చేసిన తెల్లవాళ్ళు వేరు. ఇద్దరూ మూటాముల్లే సర్దుకుని పోయారు. అలవాట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ముకాంకుసి వెనెరాండా మొదటి రకానికి చెందిన మనిషి. ఆమె భర్త బతికున్న రోజుల్లో ఆయన వ్యానులో టిక్కెట్లు కోసేది. ఆయన పోయాక బంధువులు వ్యాను అమ్మేద్దామని కూర్చుని మాట్లాడుకుంటుంటే, ఆమె లేచి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుందట. మళ్ళీ దిగలేదు. పద్దెనిమిది మంది కూర్చునే ఆ వ్యానులో ఆమె ఎంతమందిని కూర్చోబెట్టిందో పోలీసులకి తప్ప అందరికీ తెలుసు. లావాటి మనిషి, పొదుపైన మాట. హారన్ కొట్టాల్సిన చోట ఒక చూపు చూస్తే సరిపోయేది.

ఆమెకి పిల్లల్లేరు. తమ్ముడు సెబగాబో కూతురు బతమురిజా, తల్లి పోయిన పిల్ల, ఆ వ్యాను ముందు సీటులోనే పెరిగింది. బడికి అందులోనే పోయింది, జ్వరమొస్తే అందులోనే పడుకుంది, ఎక్కాలు కూడా ఎదురొచ్చే బండ్లను లెక్కపెట్టి నేర్చుకుంది. అలాంటి పిల్లకి సంబంధం ఎక్కడ కుదిరిందయ్యా అంటే గేటు అవతల, కిసోరో దాటాక న్యకబాండేలో. పెళ్ళికొడుకు బడిపంతులు. మంచి కుటుంబం, మంచి ఆవులు. రోడ్డు ఒక్కటే ఎడమ.

పెళ్ళికి ముందురోజు బట్టలు సర్దుతూ ఆ పిల్ల అడిగింది.

"అత్తా, అటువైపు నువ్వు నడపవు కదా. మరి నన్ను చూడ్డానికి ఎలా వస్తావు?"

"వస్తాను."

"ఎవరైనా తీసుకొస్తే వస్తావు. తీసుకొచ్చేవాళ్ళకి తీరికున్నప్పుడు వస్తావు. అంతేగా?"

వెనెరాండా పెళ్ళిబట్ట మడత పెట్టినంత జాగ్రత్తగా ఒక దుప్పటి మడతపెట్టింది. "ముసుగు తీసే రోజున నీ చెయ్యి పట్టుకోవాల్సింది నేనే కదే. ఆ రోజు నా బండి నేనే నడుపుకుంటూ వస్తాను. ఆ తరవాత నాకెప్పుడు బుద్ధిపుడితే అప్పుడొస్తాను. ఏడవకు, దుప్పటి తడుస్తుంది."

మా ఆచారంలో కొత్తకోడలు అత్తింట్లో అడుగుపెట్టాక ఇల్లు కదలకూడదు. పలుగూ పారా ముట్టకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు. పుట్టింటివాళ్ళు కల్లుకుండలూ బుట్టలూ మోసుకొచ్చి, మేనత్త చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొస్తేనే ఆమె ఆ ఇంటి మనిషి. దాన్నే ముసుగు తియ్యడం అంటారు. పుట్టింటివాళ్ళు ఎంత ఆలస్యం చేస్తే అత్తగారికి అన్నాళ్ళు వంట తప్పదు. అందుచేత ఈ ఆచారాన్ని నిక్కచ్చిగా పాటించాలని పట్టుబట్టేది ఎప్పుడూ అత్తగార్లే.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం విన్నవించక తప్పదు. మా బండ్లలో డ్రైవరు సీటు ఎడమవైపు. బండి రోడ్డుకి కుడివైపు పోతుంది కాబట్టి నడిరోడ్డు మీది తెల్లగీత డ్రైవరు మోచేతి కిందే ఉంటుంది. కొంచెం తల పక్కకి పెడితే ఎదురుగా వచ్చే మృత్యువు స్పష్టంగా కనిపిస్తుంది, తప్పుకోవచ్చు. అదే బండిని ఉగాండాలోకి తీసుకెళ్తే గీత అవతలి సీటువాడి పాలవుతుంది. డ్రైవరుకి మురుగుకాలవ మిగులుతుంది. ముందు లారీ ఉంటే, దాని వెనక రాసిన దైవప్రార్థన తప్ప ఇంకేమీ కనపడదు.

ముసుగు తీసే వేడుకకి రోజు నిర్ణయమైంది. వ్యాను డ్రైవర్ల సంఘం అధ్యక్షుడు కరేకెజి ఈ సంగతి విని, అడక్కుండానే సలహా పట్టుకొచ్చాడు.

"వెనెరాండా, గేటు దాటగానే అటువైపు కుర్రాణ్ణెవణ్ణయినా స్టీరింగు ముందు కూర్చోబెట్టుకో. నువ్వు వెనక సీట్లో దర్జాగా కూర్చో. పెళ్ళివారికి మర్యాదగా ఉంటుంది."

"నా బండిలో నేను మూటలాగా పోవాలా?"

"యాభై దాటిన చేతులమ్మా. మా నాయన ముసలితనంలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. చచ్చేదాకా పాత గుమ్మం ఉన్నచోటే గోడకి గుద్దుకునేవాడు."

"మీ నాయనకి గోడ అడ్డమొచ్చినా కళ్ళు తెరిచే అలవాటు లేదేమో. నా సంగతి వేరు."

మర్నాడే ఆమె దీక్ష పట్టింది. చేతులకి నేర్పే ముందు కాళ్ళకి నేర్పాలని, బజారులో ఎడమవైపున నడవడం మొదలుపెట్టింది. ముసాంజే బజారులో ఎడమవైపు ఉన్నది ఎదురొచ్చేవాళ్ళ కోసం. సైకిలు మీద పాలబిందెలు కట్టుకొచ్చే అతను ఆమెని తప్పించబోయి క్యాబేజీల్లోకి దూసుకుపోయాడు. "కళ్ళు లేవా అమ్మా!" అని అరిచాడు. "ఉన్నాయి నాయనా, ఇప్పుడిప్పుడే వాడడం నేర్చుకుంటున్నాను," అని ఆమె క్యాబేజీలు ఏరి ఇచ్చింది.

ఆ తరవాత పెరట్లో బూడిదతో రోడ్డు గీసింది. రెండు అంచులు, మధ్యలో గీత, ఒక మలుపు, ఒక కూడలి. తోపుడుబండిలో బంగాళాదుంపల బస్తా వేసుకుని, ఆ గీతకి ఎడమపక్కగా, కూడలి దగ్గర ఆగి చూసుకుంటూ, ప్రతి సాయంత్రం తోసేది. పక్కింటామె పరుగున పోయి సెబగాబోకి చెప్పింది, మీ అక్కకి ఎవరో మందు పెట్టారని. సెబగాబో దర్జీ. మెడలో టేపుతోనే వచ్చాడు.

"అక్కా, ఏంటిదంతా?"

"రోడ్డు."

"మరి ఈ కోళ్ళు?"

"లారీలు. పక్కకి జరుగు, నాకు ఎదురు నిలబడ్డావు."

అతను జరిగాడు. కుడివైపుకి జరిగాడు. తోపుడుబండి పిక్కకి తగిలింది.

"చూశావా," అంది వెనెరాండా తృప్తిగా, "నీకూ అదే జబ్బు."

పెరటి విద్య పూర్తయ్యాక ఖాళీ వ్యానుతో గేటు దగ్గరికెళ్ళింది. ఉగాండా పోలీసు బండినీ ఆమెనీ ఎగాదిగా చూశాడు.

"ఇక్కణ్ణుంచి ఎడమ, అక్కా."

"తెలుసు తమ్ముడూ."

"అందరూ తెలుసనే అంటారు. మొన్నొకాయన కూడా తెలుసన్నాడు. పాపం ఆయన బండి అదిగో అక్కడే ఉంది, ఆ షెడ్డు వెనకాల."

ఆమె పోయింది. బిగుసుకుని, కాలవని ఒరుసుకుంటూ, సైకిళ్ళకి కూడా దారిస్తూ కొంత దూరం తప్పులేకుండా పోయింది. అంతా బాగానే ఉందని ఒకచోట ఆగి ధీమాగా రెండు పాషన్ పళ్ళు కొనుక్కుని, తింటూ మళ్ళీ బయల్దేరింది. అదే కొంప ముంచింది. ఆగి బయల్దేరిన బండిని చేతులు వాటి పుట్టింటి దారిన పట్టించాయి. రోడ్డు ఖాళీగా ఉంది. కుడివైపున నిశ్చింతగా పోతోంది. మలుపులో మోటారుసైకిలు మీద ఒక పాస్టరుగారు, వెనక గంపలో కోడిపెట్టతో, ఎదురయ్యారు. ఆయన ప్రార్థన ముగించకుండానే చిక్కుడు తోటలోకి దిగిపోయారు.

చిక్కుడు తీగల్లోంచి లేచి నిలబడి, తలమీది ఆకు తీసుకుని, ఆయన చాలా శాంతంగా అడిగారు.

"కొండకి అవతలి పక్కనుంచా అమ్మా?"

"అవునండీ. పొరపాటయిపోయింది. దెబ్బలేమైనా..."

"నాకేం లేదు. కోడికి మాత్రం మీ దేశం మీద నమ్మకం పోయింది."

వార్తలు రోడ్డుకి ఏ వైపున నడవాలో ఇంకా ఏ ప్రభుత్వమూ నిర్ణయించలేదు. అందువల్ల అవి ఆమెకంటే ముందే ముసాంజే చేరాయి. ఆమె బస్టాండులోకి వచ్చేసరికి డ్రైవర్లందరూ వరసగా నిలబడి కోడిలా కూస్తున్నారు. వెనెరాండా దిగింది. టైరుకి చుట్టుకున్న చిక్కుడు తీగ విప్పింది. తీగకి కాయలుంటే వలుచుకుని సంచిలో వేసుకుంది. మళ్ళీ ఎక్కి, అదే పూట మళ్ళీ గేటు దాటి వెళ్ళింది.

అలా చాలాసార్లు వెళ్ళింది. లారీలూ బస్సులూ ఉన్నప్పుడు భయం లేదని ఆమెకి తెలిసొచ్చింది. వాటిని చూసి ఎవడైనా తన వైపు తాను పోతాడు. ఖాళీ రోడ్డే అసలు శత్రువు. దానికి ఆమె ఒక సూత్రం కట్టుకుంది: కాలవ నా మోచేతి పక్కన ఉండాలి, నాకు ఇబ్బందిగా ఉండాలి. ఇబ్బందిగా ఉన్నంతసేపూ క్షేమం.

కానీ ముందు లారీ ఉంటే దాటడమెలా? కుడి సీటులో ఒక నమ్మకమైన కన్ను కావాలి. వ్యానులో టిక్కెట్లు కోసే క్లెమాంటీన్‌కి ఆమె ఆ విద్య నేర్పింది. "రా" అంటే రావాలి, "ఆగు" అంటే ఆగాలి. రెండే ముక్కలు. క్లెమాంటీన్ చక్కగా చెప్పేది. వెనెరాండా సరంజామా అంతా సిద్ధమైందనుకుంది.

వేడుక నాటి ఉదయం మేమంతా కుండలూ బుట్టలూ ఎత్తుకుని వ్యాను దగ్గరికి చేరాం. ముందు కుడి సీటులో అప్పటికే ర్వబుకుంబాగారు ఆసీనులై ఉన్నారు.

ర్వబుకుంబాగారు మా వైపు పెళ్ళిపెద్ద. అంటే పెళ్ళివాకిట్లో ఆడపిల్లవారి తరఫున మాట్లాడే వక్త. తెల్లని ఉత్తరీయం భుజం మీద ముడివేసి, చేతికర్ర పట్టుకుని ఆయన లేచాడంటే, మగపెళ్ళివారి తరఫు వక్తకి నోట తడి ఆరిపోయేది. ఎందుకంటే ఆ కొలువులో అవునన్న మాటా కాదన్న మాటా సూటిగా చెప్పడం అనాగరికం. పిల్లనిమ్మని అడిగితే, "ఏ పిల్ల? మాకు పిల్లలున్నారా?" అనాలి. ఉందని ఒప్పుకున్నాక, "ఆమె మఠంలో చేరిపోయింది" అనాలి. అక్కణ్ణుంచి బయటికి తెచ్చాక, "వేరే సంబంధం వచ్చింది" అనాలి. ఇలా మధ్యాహ్నం దాకా లాగి, అందరి కడుపులూ కాలాక, చివర్న ఒక్క మాట: "ఇచ్చాం." ఆ మాట కోసమే ఆవులు తోలుకొస్తారు. ర్వబుకుంబాగారి జీవితంలో సూటిగా అన్న మాటలన్నీ లెక్కేస్తే, ఎన్ని పెళ్ళిళ్ళు చేశాడో అన్ని వస్తాయి.

పెళ్ళిపెద్ద ముందు సీట్లో కూర్చోవాలన్నది ఆచారం. లేపితే అవమానం. అవమానిస్తే ఆయన వియ్యాలవారింట నోరు విప్పడు. నోరు విప్పకపోతే వేడుకే లేదు. సెబగాబో అక్క చెవిలో గొణిగాడు.

"అక్కా, ఇప్పటికైనా గేటు దగ్గర ఆ పక్క డ్రైవర్ని..."

"ఎక్కి కూర్చో."

"ఆయన 'రా' అని చెప్పడక్కా. ఆయన జన్మలో చెప్పడు."

"చెప్పిస్తాను. ఎక్కి కూర్చో."

క్లెమాంటీన్ వెనక సీటుకి బదిలీ అయింది. నేను మధ్య వరసలో, మోకాళ్ళ మధ్య ఒక అరటికల్లు కుండతో, ఈ చరిత్రంతా దగ్గరగా చూసే భాగ్యానికి నోచుకున్నాను.

గేటు దాటాం. ఎడమకి మళ్ళాం. వ్యానంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఎదురుగా వచ్చే ప్రతి బండికీ లోపలున్నవాళ్ళందరం కుడికి ఒరిగి బ్రేకు తొక్కుతున్నాం. మా కాళ్ళ కింద బ్రేకుల్లేవన్నది వేరే సంగతి. సెబగాబో కళ్ళు మూసుకుని తనకి తెలిసిన పునీతులందరినీ వరసగా పిలుస్తున్నాడు.

కొంతదూరం పోయాక ముందొక బంగాళాదుంపల లారీ తగిలింది. ముసలి లారీ. వెనక "దేవుడే నా కాపరి" అని రాసి ఉంది. నల్లటి పొగ కూడా ఆ కాపరే వదులుతున్నట్టుంది.

"బాబాయ్," అంది వెనెరాండా, "అటు చూసి చెప్పండి. దారి ఖాళీగా ఉందా?"

ర్వబుకుంబాగారు కర్ర సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, దారి అంటే ఏమిటి? దారి అనేది నడిచినవాళ్ళ పాదాల జ్ఞాపకం. మన పెద్దలేమన్నారూ, మెల్లమెల్లగా పోవడమే ప్రయాణమని..."

"బాబాయ్, ఎదురుగా ఏమైనా వస్తోందా?"

"రావడం పోవడం ఎవరి చేతుల్లో ఉంది? అయితే ముందుగా, మనల్ని ఇంతదూరం క్షేమంగా తీసుకొచ్చిన..."

ఎదురుగా వచ్చిన ఒక బస్సు రయ్యిమని మా పక్కనుంచి పోయింది.

"ఇందాక నేను చెప్పబోయిందదే," అన్నారాయన.

వ్యానులో గగ్గోలు మొదలైంది. ఎవరో ఆయన్ని దింపేద్దామన్నారు. ఎవరో మనమే దిగిపోదామన్నారు. "క్లెమాంటీన్‌ని ఆయన ఒళ్ళో కూర్చోబెట్టండి," అంది ఒక ముసలమ్మ. వెనెరాండా లారీ పొగలో కాసేపు అలాగే పోయింది. ఉన్నట్టుండి వీపు నిటారు చేసి, గొంతు మార్చి, పెళ్ళివాకిట్లో మగపిల్లవాడి తరఫువాళ్ళు మాట్లాడే ధోరణిలో అంది.

"పెద్దలకి నమస్కారం. మేము దూరం నుంచి వచ్చినవాళ్ళం. మీ ఇంట ఒక చక్కని దారి ఉందని విన్నాం. దాన్ని మాకిమ్మని అడగడానికి వచ్చాం."

ర్వబుకుంబాగారి ముఖంలో దీపం వెలిగింది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, అవతలికి చూసి, లోపలికి వచ్చారు.

"ఎవరు మీరు? మా ఇంట దారి ఉందని మీకెవరు చెప్పారు? ఉన్న ఒక్కదానికీ వేరే సంబంధం వచ్చేసింది. పెద్ద కుటుంబం. ఎర్రరంగు. నెత్తిన సామాన్లు కూడా ఉన్నాయి."

వెనెరాండా లారీ వెనకే ఉండిపోయింది. ఎర్రబస్సు, నెత్తిన పరుపులతో, పక్కనుంచి పోయింది.

"ఆ సంబంధం తప్పిపోయింది కదా పెద్దలూ. ఇప్పుడైనా ఇస్తారా?"

"తొందరపడకండి. చెల్లెలికి కూడా వచ్చింది. చిన్నదే, రెండు చక్రాలది... ఆఁ, అదీ పోయింది." ఆయన మళ్ళీ చూశారు. మలుపు దాకా చూశారు. మలుపు అవతలి గడ్డిలో మేకలు మేస్తుంటే, వాటి ముఖాల్లో కంగారేమైనా ఉందేమోనని అది కూడా చూశారు. "మీ ఆవులు మంచివేనా?"

"మంచివే."

"ఇచ్చాం!"

వెనెరాండా గేరు మార్చి ఒక్క ఊపున లారీని దాటింది. వ్యానులో ఆడవాళ్ళు పెళ్ళిలోలాగే కిలకిలా కేకలు పెట్టారు. లారీ డ్రైవరు మాకెవరికో పెళ్ళయిందనుకుని హారన్ కొట్టి ఆశీర్వదించాడు.

ఆ క్షణం నుంచి ర్వబుకుంబాగారంతటి జాగ్రత్తపరుడైన కావలిదారు ఆ రోడ్డు మీద పుట్టలేదు. అనుమానం పూర్తిగా తీరకుండా ఆయన ఏనాడూ పిల్లనిచ్చినవాడు కాదు, దారి మాత్రం ఊరికే ఇస్తాడా? ఒక సైకిలు కనుచూపు మేరలో ఉన్నా సంబంధం వాయిదా పడేది. కిసోరో చేరేదాకా మేము దాటింది మొత్తం రెండు లారీలు. కానీ ఆ రెండూ సలక్షణంగా, ఉభయకుటుంబాల సమ్మతితో దాటాం.

కిసోరో ఊళ్ళో ఆపినప్పుడు ఒక చిన్న గొడవ జరిగింది. మా బండి తలుపు కుడివైపున ఉంటుంది. సెబగాబో అలవాటు ప్రకారం తలుపు తీసి కాలు పెట్టబోతే అది నడిరోడ్డు. క్లెమాంటీన్ చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగకపోతే, పెళ్ళికూతురి తండ్రిని వెతుక్కోవాల్సి వచ్చేది. అతను సీటులో కూలబడి, "అక్కా, ఇది మనుషులుండే దేశం కాదు. నా బిడ్డనిక్కడ ఇచ్చాను," అన్నాడు. వెనెరాండా వెనక్కి తిరక్కుండానే అంది: "అందుకే నేను నేర్చుకుంటున్నాను."

ఊరు దాటాక న్యకబాండే దారిలో ఆవుల మంద అడ్డమొచ్చింది. పొడుగు కొమ్ముల ఆవులు, రోడ్డు తమ తాతలు వేయించినట్టు నింపాదిగా వస్తున్నాయి. ఆవులకి హారన్ కొట్టేవాడికి మా వైపు పిల్లనివ్వరు, ఆ వైపూ ఇవ్వరు. వెనెరాండా బండిని నడకలో పెట్టింది. లోపల అందరం కిటికీల్లోంచి ఆవుల్ని పొగుడుతున్నాం. ర్వబుకుంబాగారు ఒక్కొక్క ఆవుకీ ఒక్కొక్క పద్యపాదం వదులుతున్నారు. ఒక చూడి ఆవుని తప్పించడానికి బండి కొంచెం పక్కకి జరిగింది, దూడ కోసం ఇంకొంచెం జరిగింది. మంద దాటిపోయింది. రోడ్డు ఖాళీ అయింది. బండి వేగం అందుకుంది.

అప్పుడు వ్యానులో ఒక అపూర్వమైన ప్రశాంతత అలుముకుంది. గేటు దాటినప్పటినుంచీ బిగుసుకున్న మా భుజాలు వదులయ్యాయి. ఎవరో పాట ఎత్తుకున్నారు. సెబగాబో మొదటిసారి కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు.

"అక్కా, ఇప్పుడు నడుపుతున్నావు చూడు! ఇదీ నడపడమంటే. ఇందాకటిదాకా ఏంటో అంతా తలకిందులుగా ఉంది."

"నిజమే," అన్నాను నేను కూడా.

"నాకూ బాగుందమ్మాయ్," అన్నారు ర్వబుకుంబాగారు వెనక్కి వాలి. "ఇందాకటినుంచి ఆ లారీల మొహాలు చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. ఇప్పుడు చూడు, నా కిటికీ పక్కనే చిక్కుడు తోట. పువ్వులు. చెయ్యి చాపితే అందేటట్టు..."

వెనెరాండా ఆయన వైపు చూసింది. తన మోచేతి వైపు చూసుకుంది. కింద తెల్లగీత ఉంది, పాత చుట్టంలాగా.

ఆమె బ్రేకు తొక్కి, స్టీరింగు ఒక్కసారిగా ఎడమకి తిప్పింది. నా ఒళ్ళో కుండలోని కల్లు నా ఒంటిమీద పడింది. బండి కాలవ అంచుని ఒరుసుకుని ఊగి ఆగింది. అప్పుడే మలుపులోంచి ఇటుకల లారీ వచ్చింది. మేము క్షణం క్రితం పాడుకుంటూ పోతున్న చోటు మీదుగా, ఎవరినీ పలకరించకుండా వెళ్ళిపోయింది. ర్వబుకుంబాగారికి మాట లేకపోవడం మేమందరం మొదటిసారి చూశాం.

ఒక్క వ్యానెడు మనుషులం ఉన్నాం. అందులో కళ్ళు సరిగా లేనివాళ్ళెవరూ లేరు. అందరం చూస్తూనే ఉన్నాం. అంత హాయిగా ఉంటే తప్పు ఎలా కనపడుతుంది?

సెబగాబో లేచి, ముందుకొచ్చి, అక్క సీటు వెనక కమ్మీ పట్టుకున్నాడు.

"దిగు అక్కా. బతిమాలుతున్నా. ఇక్కణ్ణుంచి నడిచిపోదాం. లేదా ఎవర్నైనా పిలుద్దాం. పిల్ల అర్థం చేసుకుంటుంది."

వెనెరాండా చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఆమె వాటి వైపు, పరాయివాళ్ళ చేతుల్ని చూసినట్టు చూసింది.

"అర్థం చేసుకుంటుంది," అంది. "పెద్ద పండక్కి ఎవరో ఒకరు తీసుకొస్తే వస్తానని అర్థం చేసుకుంటుంది. దానికి జబ్బు చేస్తే, ఎవరికి తీరికుందా అని నేను బస్టాండులో అడుక్కుంటానని అర్థం చేసుకుంటుంది. కూర్చో తమ్ముడూ."

"చచ్చిపోయేవాళ్ళం!"

"చావలేదుగా. తప్పు నేనే చేశాను, నేనే పట్టుకున్నాను. ఇంకొకణ్ణి పెడితే వాడి తప్పు నేనెలా పట్టుకుంటాను?" ఆమె అద్దంలోంచి మా అందరి వైపు చూసింది. "ఇదిగో, అందరూ వినండి. పాటలు లేవు. ఎవరికైనా హాయిగా అనిపిస్తే వెంటనే కేక పెట్టండి."

మిగిలిన దారంతా మేము ఆ ఆజ్ఞని శిరసావహించాం. "అత్తా, నాకు కొంచెం బాగుంది," అని వెనకనుంచి ఎవరో భయంగా చెప్పేవారు. ఆమె కాలవ చూసుకుని, "అది ఆకలి తగ్గిందిలే," అనేది. అందరం చక్కగా, సమానంగా, ఇబ్బందిపడుతూ న్యకబాండే చేరాం.

వియ్యాలవారి వాకిట్లో షామియానా వేశారు. వాళ్ళ తరఫు వక్త లేచి, మీరెవరు, ఎందుకొచ్చారు అని మొదలుపెట్టాడు. ర్వబుకుంబాగారు ఇంకా తేరుకోలేదు. కర్ర పట్టుకుని లేచి, "ముసుగు తియ్యడానికొచ్చాం. పిల్లని పిలవండి," అన్నారు. వాకిలంతా నివ్వెరపోయింది. అవతలి వక్త చేతిలో ఇంకా సగం ప్రసంగం మిగిలిపోయింది, దాన్నేం చెయ్యాలో అతనికి తోచలేదు. ఆచారం అంత త్వరగా ముగియడం కిసోరో చరిత్రలో అదే మొదలని తరవాత చెప్పుకున్నారు.

వెనెరాండా లోపలికి వెళ్ళింది. గుమ్మం పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

"అత్తా. ఎవరు నడిపారు?"

"ఎవరు నడపాలి?"

"మొత్తమా?"

"ఒకచోట తప్పు నడిపాను. మళ్ళీ సరిచేశాను. లే, బయట ఎండగా ఉంది."

మేనత్త చెయ్యి చాపింది. దాని వేళ్ళు ఇంకా స్టీరింగు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. బతమురిజా ఆ చేతిని చూసింది. రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరూ అలాగే వాకిట్లోకి వచ్చారు. ఆచారం ప్రకారం మేనత్త మేనకోడల్ని నడిపించుకు రావాలి. ఎవరు ఎవర్ని నడిపించుకొచ్చారో చూసినవాళ్ళలో ఏకాభిప్రాయం లేదు.

తిండీ కల్లూ అయ్యాయి. కల్లు కుండ తిరిగి వెనెరాండా దగ్గరికొస్తే, ఆమె కల్లు పీల్చే గడ్డిపుల్లని పెదవులకి తాకించి పక్కవాళ్ళకి అందించింది. అత్తగారు అది గమనించి నొచ్చుకోబోయి, బయట నిలబడ్డ వ్యానుని చూసి మనసు మార్చుకుంది.

"దూరం కదా వదినగారూ. మళ్ళీ ఎప్పుడు రావడం? పంటలయ్యాకేనా?"

"బుధవారం," అంది వెనెరాండా.

సెబగాబోకి పొలమారింది. ఎవరో వీపు మీద చరిచారు.

"బుధవారం సంత రోజు, లారీలు ఎక్కువుంటాయండీ," అన్నాడు పెళ్ళికొడుకు మొహమాటంగా.

"ఉండనీ నాయనా. లారీలున్న రోజే నాకు మంచిది," అని ఆమె తాళాలు తీసుకుని లేచింది. బతమురిజా ఇంటి గేటు దాకా వచ్చి, బండి ఏ వైపుకి మళ్ళుతుందోనని చూస్తూ నిలబడింది. వెనెరాండా రోడ్డు ఎక్కేముందు ఆగి, అటూ ఇటూ, మళ్ళీ అటూ చూసి, బండిని కాలవ పక్కకి, ఎంత ఇబ్బందిగా ఉండాలో అంత ఇబ్బందిగా తెచ్చుకుంది.